1949 హేగ్ ఒప్పందం: ఇండోనేషియా స్వాతంత్ర్యం, దాని వెల

ఇండోనేషియాపై మూడు శతాబ్దాలకు పైగా నెరపిన అధికారాన్ని నెదర్లాండ్స్ 1949 డిసెంబరు 27న వదులుకుంది. అంతకు ముందు ఆగస్టు 23 నుంచి నవంబరు 2 వరకు ద హేగ్ నగరంలో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశంలో కుదిరిన ఒప్పందాలు ఇందుకు ఆధారం. నాలుగేళ్ల యుద్ధం వీటితో ముగిసింది. అయితే ఇండోనేషియా నాయకులు తమ దేశ స్వాతంత్ర్యాన్ని 1945 ఆగస్టు 17నే ప్రకటించారు. ఆ రోజు పుట్టిన దేశాన్ని నెదర్లాండ్స్ ఆలస్యంగా గుర్తించిందా, లేక 1949 డిసెంబరులో తానే ఒక కొత్త దేశానికి అధికారం అప్పగించిందా అన్న ప్రశ్న ఒప్పందంతో తీరలేదు. పైకి మాటల పట్టింపుగా కనిపించే ఈ వివాదం వెనుక 430 కోట్ల గిల్డర్ల అప్పు, ఒక పెద్ద ద్వీపార్ధం, లక్షమంది మృతుల లెక్క ఉన్నాయి.

వర్తకం నుంచి వలస రాజ్యం

1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ మసాలా దినుసుల కోసం ఈ ద్వీపాలకు చేరింది. జాజికాయ, లవంగాలు కొనడానికి ఆ దీవులలో వెండి నాణేల కంటె భారతీయ వస్త్రాలు ఎక్కువగా చెల్లుబాటయ్యేవి. ఆ వస్త్రాల కోసమే కంపెనీ 17వ శతాబ్ది తొలి దశకంలో మచిలీపట్నంలో వర్తక స్థావరం తెరిచింది. తెలుగువారు డచ్చివారిని వలందులు అనేవారు. బందరులో వలందపాలెం పేరు నేటికీ నిలిచే ఉంది. కోరమాండల్ తీరపు బట్ట ఆ విధంగా జావా, మలుకు దీవులలో డచ్ ఆధిపత్యానికి పెట్టుబడి అయింది.

1799 చివరితో కంపెనీ దివాలా తీసి అంతరించగా, దాని భూభాగాలు డచ్ ప్రభుత్వ పరమయ్యాయి. 19వ శతాబ్దిలో జావా రైతుల చేత చెరకు, కాఫీ, నీలిమందు నిర్బంధంగా పండించి, ఆ రాబడితో నెదర్లాండ్స్ తన ఖజానా నింపుకుంది. 20వ శతాబ్ది నాటికి రబ్బరు, చమురు, తగరం వాటికి తోడయ్యాయి. ఈ వలస లేకపోతే తమ దేశం ఐరోపాలో ఒక చిన్న రాజ్యంగా మిగిలిపోతుందన్న భయం డచ్ రాజకీయ వర్గాలలో బలంగా ఉండేది. యుద్ధానంతరం వారు చూపిన మొండి పట్టుదలకు ఈ భయం ప్రధాన కారణం.

1942 మార్చిలో జపాను సేనలకు డచ్ సైన్యం కొద్ది రోజులలోనే లొంగిపోయింది. అజేయులుగా కనిపించిన పాలకులు నిర్బంధ శిబిరాలలో ఖైదీలుగా మారడాన్ని ప్రజలు కళ్లారా చూశారు. మూడున్నరేళ్ల జపాను పాలన క్రూరమైనదే అయినా, ఇండోనేషియా యువకులకు ఆయుధ శిక్షణ, జాతీయ నాయకులకు బహిరంగ వేదిక లభించినది ఆ కాలంలోనే. 1945 ఆగస్టు 15న జపాను లొంగుబాటు ప్రకటన వెలువడగా, రెండు రోజులకు జకార్తాలోని తన ఇంటి ముందు సుకర్ణో, మహమ్మద్ హట్టా సరసన నిలిచి, స్వాతంత్ర్య ప్రకటనను చదివారు. అది రెండే వాక్యాల ప్రకటన.

భారత సైనికులు, సురబాయా పోరు

జపాను సేనలను నిరాయుధులను చేసే బాధ్యత లార్డ్ మౌంట్‌బాటెన్ నాయకత్వంలోని ఆగ్నేయాసియా కమాండుకు దక్కింది. ఆ పనికి జావాలో దిగిన సేనలలో అధికభాగం బ్రిటిషు ఇండియా సైన్యానివే. 1945 అక్టోబరు 30న సురబాయా నగరంలో 49వ భారత పదాతి బ్రిగేడు అధిపతి మాలబీ హతుడయ్యాడు. నవంబరు 10న బ్రిటిషు సేనలు నగరంపై పెద్దయెత్తున దాడికి దిగాయి. ఆధునిక ఆయుధాలు అంతగా లేని యువకులు వీధివీధినా దాదాపు మూడు వారాలు పోరాడారు. నవంబరు 10ని ఇండోనేషియా నేటికీ వీరుల దినంగా పాటిస్తోంది.

స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న ఒక దేశపు సైనికులను, అదే ఆశయంతో పోరాడుతున్న మరో దేశంపైకి పంపడం భారత జాతీయ నాయకులను కలచివేసింది. జవహర్‌లాల్ నెహ్రూ దీనిని తీవ్రంగా నిరసించారు. భారత సైనికులలో కొందరు తమ దళాలను విడిచి ఇండోనేషియా పక్షాన చేరారు. 1946 నవంబరు నాటికి బ్రిటిషు సేనలు వైదొలగగా, వారి స్థానంలోకి డచ్ సేనలు వచ్చిచేరాయి.

రెండు ఒప్పందాలు, రెండు ‘పోలీసు చర్యలు’

1946 నవంబరులో లింగజాతి అనే కొండ గ్రామంలో మొదటి ఒప్పందం ముసాయిదా సిద్ధమై, 1947 మార్చి 25న సంతకాలు జరిగాయి. జావా, మదురా, సుమత్రాలపై ఇండోనేషియా రిపబ్లిక్‌కు వాస్తవాధికారం ఉన్నదని నెదర్లాండ్స్ అంగీకరించింది. రిపబ్లిక్‌తో పాటు ఇతర ప్రాంతాలను కలిపి ఒక సమాఖ్య ఏర్పరచాలని, ఆ సమాఖ్యను నెదర్లాండ్స్‌తో డచ్ రాణి అధ్యక్షతన ఒక యూనియన్‌గా ముడివేయాలని సంకల్పం. ఈ పదాలకు ఇరుపక్షాలు చెప్పుకొన్న అర్థాలు మొదటి రోజు నుంచే వేరు.

1947 జులై 21న డచ్ సేనలు దాడికి దిగి, సుమత్రా తోటలను, జావాలోని సారవంతమైన ప్రాంతాలను ఆక్రమించాయి. డచ్ ప్రభుత్వం దీనిని యుద్ధం అనలేదు, పోలీసు చర్య అన్నది. పేరులో ఒక లెక్క ఉంది. యుద్ధం రెండు దేశాల మధ్య జరుగుతుంది, పోలీసు చర్య సొంత గడ్డపై జరుగుతుంది. ఏడాది తరువాత 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంలో భారత ప్రభుత్వం చేపట్టిన సైనిక చర్యకు సైతం ఈ పేరే స్థిరపడినందున తెలుగు పాఠకులకు ఈ మాట కొత్త కాదు. రెంటి సందర్భాలు, ఫలితాలు పూర్తిగా భిన్నమైనా, పేరు ఎంపికలోని తర్కం ఒకటే.

ఈ దాడి మొదలైన రోజులలోనే ఒడిశాకు చెందిన బిజూ పట్నాయక్ తన డకోటా విమానంలో జావా చేరి, మాజీ ప్రధాని సుతాన్ షహ్రిర్‌ను డచ్ దిగ్బంధం దాటించి తీసుకొచ్చారు. షహ్రిర్ ఢిల్లీకి, అక్కడినుంచి ఐక్యరాజ్యసమితికి వెళ్లి తమ దేశం పక్షాన వాదన వినిపించారు. పట్నాయక్‌కు ఇండోనేషియా తరువాతి కాలంలో భూమిపుత్ర బిరుదునిచ్చింది. జులై 29న ఆయన విమాన సంస్థకు చెందిన మరో డకోటా సింగపూర్ నుంచి మందులు తీసుకువస్తుండగా, యోగ్యకర్త సమీపంలో డచ్ యుద్ధవిమానాలు దానిని కూల్చివేశాయి. మరణించినవారిలో ఇండోనేషియా వైమానిక దళ ప్రముఖుడు అదిసుచిప్తో ఒకరు. యోగ్యకర్త విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు.

భారత్, ఆస్ట్రేలియాలు ఈ వ్యవహారాన్ని భద్రతా మండలికి నివేదించగా, ఆగస్టు 1న కాల్పుల విరమణకు మండలి పిలుపునిచ్చింది. ఆ తరువాత మధ్యవర్తిత్వానికి బెల్జియం, ఆస్ట్రేలియా, అమెరికా ప్రతినిధులతో సంఘం ఏర్పడింది. వారి ఎదుట 1948 జనవరి 17న రెన్‌విల్ అనే అమెరికా నౌకపై రెండవ ఒప్పందం కుదిరింది. డచ్ సేనలు గెలుచుకున్న ప్రాంతాలను ఆ ఒప్పందం వారి వద్దనే ఉంచింది. రిపబ్లిక్ చేతిలో జావాలో మూడవ వంతు, సుమత్రాలో లోతట్టు ప్రాంతాలు మిగిలాయి. ఆకలి, శరణార్థుల రద్దీ, ద్రవ్యోల్బణం ఆ చిన్న ప్రాంతాన్ని కుంగదీశాయి.

దెబ్బతిన్న రిపబ్లిక్‌కు అనుకోని మేలు ఒక అంతర్గత సంక్షోభం వల్ల కలిగింది. 1948 సెప్టెంబరులో తూర్పు జావాలోని మదియున్‌లో కమ్యూనిస్టులు తిరుగుబాటు చేయగా, హట్టా ప్రభుత్వం తన సైన్యంతోనే దానిని అణచివేసింది. అప్పటివరకు తన ఐరోపా మిత్రదేశమైన నెదర్లాండ్స్ వైపే మొగ్గిన అమెరికాకు, ఆసియాలో కమ్యూనిజాన్ని నిలువరించగల జాతీయ ప్రభుత్వం ఇక్కడ ఉన్నదన్న నమ్మకం కుదిరింది.

డచ్ ప్రభుత్వం ఆ మార్పును గమనించలేదు, లేదా గమనించీ లెక్కచేయలేదు. 1948 డిసెంబరు 19న రెండవ పోలీసు చర్యకు దిగింది. రాజధాని యోగ్యకర్త ఒక్కరోజులో పడిపోయింది. సుకర్ణో, హట్టా ఖైదీలయ్యారు. సైనికంగా చూస్తే ఇది పరిపూర్ణ విజయం. దౌత్యంలో డచ్ పక్షం ఓటమి మొదలైంది ఇక్కడినుంచే.

ఓడిన పక్షం గెలిచిన తీరు

సుమత్రాలోని బుకిట్టింగిలో షఫ్రుద్దీన్ ప్రవీరనెగర అత్యవసర ప్రభుత్వాన్ని ఏర్పాటు చేశారు. సేనాధిపతి సుదీర్మన్ క్షయవ్యాధితో బాధపడుతూ, డోలీలో మోసుకెళ్లే స్థితిలోనూ జావా అడవులలో గెరిల్లా యుద్ధం నడిపించారు. 1949 మార్చి 1న గెరిల్లా దళాలు యోగ్యకర్తలోకి చొచ్చుకువచ్చి, ఆరు గంటల పాటు నగరాన్ని తమ స్వాధీనంలో ఉంచుకున్నాయి. రిపబ్లిక్ సైన్యం అంతమైందన్న డచ్ ప్రకటనలు అబద్ధమని ప్రపంచానికి తెలియడానికి ఆరు గంటలు సరిపోయాయి.

డచ్ పాలకులకు మరింత పెద్ద దెబ్బ తాము సృష్టించిన వ్యవస్థ నుంచే తగిలింది. రిపబ్లిక్‌ను ఏకాకిని చేసేందుకు వారు బోర్నియో, సెలెబిస్, బాలి మొదలైన ప్రాంతాలలో సమాఖ్య రాజ్యాలను నెలకొల్పారు. డిసెంబరు దాడికి నిరసనగా ఆ రాజ్యాలలో అతిపెద్దదైన తూర్పు ఇండోనేషియా ప్రభుత్వమే రాజీనామా చేసింది. కీలుబొమ్మలని అందరూ చులకన చేసిన నాయకులు తమ స్వరం వినిపించారు.

నెహ్రూ పిలుపు మేరకు 1949 జనవరి 20న ఢిల్లీలో ఇండోనేషియాపై సమావేశం ప్రారంభమైంది. స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లు నిండని భారతదేశం, ఆసియా దేశాలతో పాటు ఈజిప్టు, ఇథియోపియా, ఆస్ట్రేలియా ప్రతినిధులను ఒకచోట చేర్చింది. అప్పటికే డచ్ విమాన సంస్థ కె.ఎల్.ఎం. విమానాలకు తన గగనతల సదుపాయాలను నిలిపివేసింది. జనవరి 28న భద్రతా మండలి చేసిన తీర్మానం బందీల విడుదలను, మధ్యంతర ప్రభుత్వాన్ని, 1950 జులై 1 నాటికి సార్వభౌమాధికార బదిలీని కోరింది. ఆ తీర్మానంలోని పలు అంశాలు ఢిల్లీ సమావేశం సూచించినవే.

యుద్ధంలో శిథిలమైన నెదర్లాండ్స్ పునర్నిర్మాణం అమెరికా ఇచ్చే మార్షల్ ప్రణాళిక నిధులపై ఆధారపడి ఉంది. తూర్పు ఇండీస్‌కు ఉద్దేశించిన సహాయాన్ని అమెరికా డిసెంబరులోనే నిలిపివేసింది. ఇక నెదర్లాండ్స్ వాటాకే ముప్పు వస్తుందన్న హెచ్చరికలు వాషింగ్టన్ నుంచి అందసాగాయి. చివరకు మే 7న మహమ్మద్ రూమ్, వాన్ రోయెన్ మధ్య అంగీకారం కుదిరింది. జులై 6న సుకర్ణో, హట్టా యోగ్యకర్తకు తిరిగివచ్చారు. ఆగస్టులో కాల్పులు ఆగాయి.

హేగ్‌లో బేరం

హేగ్ నగరంలోని రిడ్డర్‌జాల్ మందిరంలో మూడు ప్రతినిధి వర్గాలు కూర్చున్నాయి. డచ్ వర్గానికి వాన్ మార్సెవీన్, రిపబ్లిక్ వర్గానికి హట్టా, సమాఖ్య రాజ్యాల వర్గానికి పొంటియానక్ సుల్తాను రెండవ హమీద్ నాయకులు. ఐక్యరాజ్యసమితి సంఘం తరఫున అమెరికా దౌత్యవేత్త మెర్ల్ కాక్రన్ మధ్యవర్తిత్వంలో కీలకపాత్ర వహించారు. సమావేశానికి ముందే రిపబ్లిక్, సమాఖ్య నాయకులు తమలో తాము చర్చించుకొని ఒక అవగాహనకు వచ్చినందున, ఇండోనేషియన్లను విడదీసి బేరమాడే వీలు డచ్ పక్షానికి చిక్కలేదు.

సార్వభౌమాధికారం విషయం అంతగా చిక్కు పెట్టలేదు. అది ఇవ్వక తప్పదని అప్పటికే తేలిపోయింది. వారాల తరబడి సాగిన పెనుగులాట అప్పు గురించి, న్యూగినీ గురించి.

వలస ప్రభుత్వం పేరిట ఉన్న రుణాలన్నీ కొత్త దేశమే మోయాలని నెదర్లాండ్స్ కోరింది. అది చూపిన మొత్తం దాదాపు 610 కోట్ల గిల్డర్లు. ఇండోనేషియా పక్షాన ఆర్థికవేత్త సుమిత్రో జోజోహాదికుసుమో ఈ లెక్కను పద్దుల వారీగా విప్పి చూపారు. వంతెనలకు, రైలుమార్గాలకు చేసిన అప్పు వేరు, 1945 తరువాత రిపబ్లిక్‌పై యుద్ధానికి చేసిన ఖర్చు వేరు అని ఆయన వాదించారు. తమ గ్రామాలపై పడిన గుండ్ల వెలను తామే చెల్లించాలా అన్నది ఈ వాదన సారాంశం. సైనిక వ్యయాన్ని తీసివేస్తే నెదర్లాండ్సే ఇండోనేషియాకు బాకీ పడుతుందని ఆయన లెక్క.

వాదన న్యాయమైనదే అయినా నెగ్గలేదు. కాక్రన్ మధ్యేమార్గంగా సూచించిన 430 కోట్ల గిల్డర్ల వద్ద బేరం తెగింది. ఆనాటి మారకపు విలువలో అది 110 కోట్ల డాలర్లకు పైమాట. అందులో రిపబ్లిక్‌పై చేసిన సైనిక చర్యల ఖర్చు ఎంతో కొంత మిగిలే ఉన్నదని విమర్శకులు నాటి నుంచి నేటి వరకు చెబుతూనే ఉన్నారు. ఒప్పుకోకపోతే యుద్ధం మళ్లీ మొదలవుతుంది, అడవులలోని సైనికులకు తిండి లేదు, అమెరికా సానుభూతి ఎన్నాళ్లుంటుందో తెలియదు. ఈ పరిస్థితిలో హట్టా డబ్బు విషయంలో తగ్గి, గడువు విషయంలో పట్టు బిగించారు. భద్రతా మండలి చెప్పిన 1950 జులైకి ఆరు నెలల ముందే అధికారం చేతికి రావడం ఆ పట్టుకు దక్కిన ఫలం.

డచ్ కంపెనీల హక్కులు, తోటల కౌళ్లు, లాభాలను స్వదేశానికి పంపుకునే వెసులుబాటు యథాతథంగా కొనసాగాయి. పరిశ్రమలను జాతీయం చేయాలంటే పరిహారం చెల్లించాలి. అప్పు తీరేవరకు కొన్ని ఆర్థిక నిర్ణయాలలో నెదర్లాండ్స్‌ను సంప్రదించాలి. డచ్ ఉద్యోగులను రెండేళ్ల పాటు పాత వేతనాలతోనే కొనసాగించాలి. కొత్త ప్రభుత్వ ఖజానాకు ఈ షరతు అప్పుకు తక్కువ భారమేమీ కాదు.

చివరి రాత్రి న్యూగినీ

న్యూగినీ ద్వీపంలోని పడమటి సగం డచ్ ఇండీస్‌లో భాగంగా ఉండేది. వలస మొత్తానికి తామే వారసులమని, కనుక ఆ ప్రాంతమూ తమదేనని ఇండోనేషియా వాదన. అక్కడి పపువా ప్రజలు జాతిరీత్యా భిన్నులని, వారిని సంసిద్ధం చేసే బాధ్యత తమదని డచ్ వాదన. ఈ పట్టుదల వెనుక పార్లమెంటు లెక్క కూడా ఉంది. ఒప్పందానికి డచ్ ఉభయసభలలో మూడింట రెండు వంతుల ఆధిక్యం అవసరం. న్యూగినీని సైతం వదులుకుంటే మితవాద సభ్యుల ఓట్లు దక్కవన్నది ప్రభుత్వ భయం.

సమావేశం ముగియవలసిన గడువు వరకు ఇది తేలలేదు. చివరకు న్యూగినీ ఉన్నచోటే ఉంటుందని, సార్వభౌమాధికార బదిలీ తరువాత ఒక ఏడాదిలోగా చర్చల ద్వారా దాని రాజకీయ ప్రతిపత్తిని నిర్ణయించాలని రాసుకున్నారు. ఉన్నచోటే ఉండడమంటే డచ్ పాలనలో ఉండడమని నెదర్లాండ్స్, ఏడాది తరువాత తమ చేతికి రావడమని ఇండోనేషియా అర్థం చేసుకున్నాయి. తమ నేల గురించి జరిగిన ఈ చర్చలో పపువన్లకు ప్రతినిధి లేడు.

మొదటి అధికరణం మాటలు

ఒప్పందాల సంపుటిలో ప్రధానమైనది సార్వభౌమాధికార బదిలీ పత్రం. దాని మొదటి అధికరణం రెండు పనులు ఒకేసారి చేస్తుంది. ఇండోనేషియాపై సంపూర్ణ సార్వభౌమాధికారాన్ని నెదర్లాండ్స్ బేషరతుగా, తిరిగి వెనక్కి తీసుకునే వీలు లేకుండా ఇండోనేషియా సంయుక్త రాష్ట్రాల గణతంత్రానికి బదిలీ చేస్తున్నదని చెబుతుంది. ఆ వెంటనే ఆ గణతంత్రాన్ని స్వతంత్ర సార్వభౌమ రాజ్యంగా గుర్తిస్తున్నదని కూడా చెబుతుంది. బదిలీ అన్న మాట డచ్ పక్షానికి, గుర్తింపు అన్న మాట ఇండోనేషియా పక్షానికి నచ్చింది. డచ్ చరిత్ర పుస్తకాలు ఆ సంఘటనను సార్వభౌమాధికార బదిలీ అని, ఇండోనేషియా పుస్తకాలు సార్వభౌమాధికార గుర్తింపు అని పిలవసాగాయి.

తేడా చిన్నది కాదు. బదిలీ అయితే 1949 వరకు అక్కడి చట్టబద్ధ ప్రభుత్వం డచ్ ప్రభుత్వమే. దాని సైన్యం శాంతిభద్రతలు కాపాడినట్లు, రిపబ్లిక్ సైనికులు తిరుగుబాటుదారులైనట్లు, అప్పు వారసత్వంగా సంక్రమించినట్లు అవుతుంది. గుర్తింపు అయితే ఒక స్వతంత్ర దేశంపై మరో దేశం నాలుగేళ్లు దండెత్తినట్లు.

డచ్ దిగువసభ డిసెంబరు 9న 71-29 ఓట్లతో ఒప్పందాన్ని ఆమోదించింది. ఎగువసభలో 34-15తో మూడింట రెండు వంతుల గీత దాటడానికి ఒకటి రెండు ఓట్ల తేడానే మిగిలింది. రిపబ్లిక్ తాత్కాలిక పార్లమెంటులోనూ వ్యతిరేకత లేకపోలేదు. 226 మంది అనుకూలంగా, 62 మంది ప్రతికూలంగా ఓటు వేశారు. డిసెంబరు 27న ఆమ్‌స్టర్‌డామ్ రాజప్రాసాదంలో జూలియానా రాణి సంతకం చేసి హట్టాకు అధికారపత్రం అందించారు. జకార్తాలో యోగ్యకర్త సుల్తాను తొమ్మిదవ హమెంగ్కుబువొనో అధికారం స్వీకరించారు. మరునాడు సుకర్ణో రాజధానిలో అడుగుపెట్టారు.

అది జరిగి నెల తిరగకముందే 1950 జనవరి 26న ఢిల్లీలో జరిగిన భారత తొలి గణతంత్ర దినోత్సవానికి సుకర్ణో ముఖ్య అతిథిగా విచ్చేశారు.

విడిపోయిన ముడులు

హేగ్‌లో అల్లిన సమాఖ్య ఎనిమిది నెలలు నిలవలేదు. 16 రాజ్యాలతో ఏర్పడిన ఆ వ్యవస్థను ప్రజలు డచ్ ఎత్తుగడగానే చూశారు. 1950 జనవరిలో డచ్ మాజీ అధికారి వెస్టర్లింగ్ బాండుంగ్‌లో చేసిన విఫల కుట్రతో సమాఖ్యవాదుల పరపతి పూర్తిగా అడుగంటింది. రాజ్యాలు ఒకదాని వెంట ఒకటి రిపబ్లిక్‌లో విలీనమై, ఆగస్టు 17న ఏకకేంద్ర రిపబ్లిక్ ఏర్పడింది. సెప్టెంబరు 28న అది ఐక్యరాజ్యసమితిలో 60వ సభ్యదేశంగా చేరింది.

డచ్ వలస సైన్యంలో పనిచేసిన అంబోన్ దీవుల సైనికులకు ఈ మార్పులో చోటు లేకపోయింది. దక్షిణ మలుకు పేరిట 1950 ఏప్రిల్‌లో ప్రకటించిన రిపబ్లిక్‌ను జకార్తా ప్రభుత్వం అణచివేసింది. ఆ సైనికులను, వారి కుటుంబాలను మొత్తం సుమారు 12,500 మందిని 1951లో నౌకలలో నెదర్లాండ్స్‌కు తరలించారు. తాత్కాలికమని చెప్పి తెచ్చినవారిని అక్కడ దిగగానే సైన్యం నుంచి తొలగించారు. పాత నాజీ శిబిరాలతో సహా దొరికిన చోటల్లా ఉంచారు. వారి సంతతి నేటికీ అక్కడే ఉంది.

రాణి అధ్యక్షతన యూనియన్ కాగితం మీదనే మిగిలిపోయింది. 1956లో ఇండోనేషియా దానిని ఏకపక్షంగా రద్దు చేసి, అదే ఏడాది మిగిలిన అప్పు చెల్లింపునూ నిరాకరించింది. అప్పటికే అధికభాగం చెల్లించిందని చరిత్రకారుల అంచనా. పాఠశాలలకు, ఆసుపత్రులకు నిధులు చాలని తొలి సంవత్సరాలలో వెళ్లిన డబ్బు అది.

న్యూగినీ చర్చలకు పెట్టుకున్న ఏడాది గడువు ఏ ఫలితమూ లేకుండా ముగిసింది. 1957 చివరలో ఈ అంశంపై ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో తీర్మానం వీగిపోగా, ఇండోనేషియా కార్మికులు డచ్ కంపెనీలను స్వాధీనం చేసుకున్నారు. తరువాత ప్రభుత్వం వాటిని జాతీయం చేసింది. వేలాది డచ్ పౌరులు దేశం విడిచారు. 1962లో నౌకాదళాల మధ్య ఘర్షణ జరిగాక, భారత్‌లో అమెరికా మాజీ రాయబారి ఎల్స్‌వర్త్ బంకర్ మధ్యవర్తిత్వంతో ఆగస్టు 15న న్యూయార్క్‌లో ఒప్పందం కుదిరింది. కాల్పుల విరమణ పర్యవేక్షణకు భారత సైన్యాధికారి ఇందర్‌జిత్ రిఖీ నాయకత్వం వహించగా, శాంతిభద్రతలకు పాకిస్తాన్ సైనికులు తరలివెళ్లారు. ఉపఖండపు రెండు దేశాలు ఒకే సమితి జెండా కింద పనిచేసిన అరుదైన సందర్భమిది. 1963 మే 1న ఆ ప్రాంతం ఇండోనేషియా పాలనలోకి వచ్చింది. 1969లో ప్రజాభిప్రాయం పేరిట వెయ్యిమందికి పైగా ఎంపిక చేసిన ప్రతినిధుల చేత విలీనానికి అంగీకారం చెప్పించారు. వయోజనులందరికీ ఓటు ఇవ్వలేదు. అక్కడి వేర్పాటు ఉద్యమం అప్పటినుంచి ఆగలేదు.

తేదీ గురించి తెగని లెక్క

నాలుగేళ్ల పోరులో మరణించిన ఇండోనేషియన్లు లక్ష వరకు ఉంటారని అంచనా. డచ్ పక్షాన దాదాపు ఐదు వేల మంది సైనికులు మరణించారు. డచ్ సమాజం దశాబ్దాల పాటు ఈ లెక్క జోలికి వెళ్లలేదు. కదలిక తెచ్చింది ఒక గ్రామపు వితంతువులు. 1947 డిసెంబరు 9న పడమటి జావాలోని రావగెడె గ్రామంలో డచ్ సైనికులు మగవారిని వరుసగా నిలిపి కాల్చిచంపారు. మృతులు 431 మంది అని గ్రామస్తుల మాట, 150 మంది అని డచ్ ప్రభుత్వ లెక్క. వితంతువులు వేసిన దావాలో 2011 సెప్టెంబరు 14న హేగ్ న్యాయస్థానం డచ్ రాజ్యాన్ని బాధ్యురాలిగా నిర్ణయించింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పి, ఒక్కొక్కరికి 20,000 యూరోల చొప్పున పరిహారం చెల్లించింది. 1949కి ముందు జరిగిన సంఘటనపై డచ్ న్యాయస్థానం తీర్పు చెప్పగలగడానికి, ఆ గ్రామస్తులు అప్పట్లో డచ్ పాలితులన్న భావన కూడా ఒక ఆధారమైంది. బదిలీ సిద్ధాంతం ఈసారి బాధితులకు అక్కరకు వచ్చింది.

2005లో విదేశాంగ మంత్రి బెన్ బాట్, స్వాతంత్ర్య దినోత్సవ సందర్భంగా జకార్తా వెళ్లి, 1945 ఆగస్టు 17న ఇండోనేషియా వాస్తవంగా స్వతంత్రమైందన్న విషయాన్ని తమ దేశం రాజకీయంగా, నైతికంగా అంగీకరిస్తున్నదని ప్రకటించారు. చట్టరీత్యా అన్న మాట అందులో లేదు. 2020 మార్చిలో విలెం అలెగ్జాండర్ రాజు ఇండోనేషియా పర్యటనలో డచ్ పక్షపు హింసకు క్షమాపణ కోరారు. 2022 ఫిబ్రవరిలో డచ్ పరిశోధనా సంస్థల ఉమ్మడి అధ్యయనం, తమ సైన్యం తీవ్ర హింసకు విస్తృతంగా, పదేపదే పాల్పడిందని, అధికారులు దానిని చూసీచూడనట్లు వదిలేశారని తేల్చింది. అప్పటివరకు కొన్ని అతిక్రమణలే జరిగాయన్నది ప్రభుత్వ అధికారిక వైఖరి. ప్రధాని మార్క్ రుట్టె క్షమాపణ చెప్పారు.

2023 జూన్ 14న పార్లమెంటులో సభ్యుల ప్రశ్నకు సమాధానమిస్తూ రుట్టె, 1945 ఆగస్టు 17ను స్వాతంత్ర్య తేదీగా నెదర్లాండ్స్ సంపూర్ణంగా, ఏ మినహాయింపు లేకుండా గుర్తిస్తున్నదని చెప్పారు. 1949లో జూలియానా రాణి సంతకం చేసిన పత్రం మాత్రం రద్దు కాలేదు. ఆ పత్రం కింద చెల్లించిన అప్పును తిరిగి ఇవ్వడం గురించి డచ్ ప్రభుత్వం హామీ ఏదీ ఇవ్వలేదు. ఇండోనేషియాలో ఆగస్టు 17 జాతీయ పర్వదినం. డిసెంబరు 27న అక్కడ సెలవు లేదు.